చిలకపచ్చ చీర చప్పట్లు

వడమాలపేట

‘ఆదివారం ఉత్తరాలు’ నడిపే నియాజ్ గారికి తిరుమలమ్మ నమస్కారాలు.

ఫోను చేస్తే మీ కార్యక్రమం పాటే తప్ప మీరు పలకరు. అందుకే ఈ ఉత్తరం.

పదిహేనేళ్ల కిందట తిరుపతి కల్యాణమండపంలో మీరు సభ పెడితే, ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. కొట్టింది ఒక్కసారే. కేబుల్లో మీరు ఆ వీడియోనే వేసి ప్రతి ఆదివారం, ప్రతి ఉత్తరం తర్వాతా నాచేత కొట్టిస్తున్నారు.

తిరుపతి కొర్లగుంటలో ఉండే మా చెల్లెలు సుబ్బులుకు కళ్లలో శుక్లాలు. నా ముఖం ఆనదు గానీ తను పెట్టిన చిలకపచ్చ చీర ఆనుతుంది. ‘వారం వారం తిరపతికొచ్చి టీవీలో కూసుంటావు. మా ఇంటికి రమ్మంటే మాత్రం మోకాళ్ల నొప్పులా?’ అని మాట్లాడటం మానేసింది. ఆ వీడియో పాతదే అంటే, ‘నా కండ్లతో నేనే సూసినా’ అంటుంది.

ఆ కళ్లకే వచ్చే నెల ఆపరేషను. దగ్గరుండి మందు వేయాల్సినదాన్ని నేను. నన్ను రావద్దని కబురు పెట్టింది. దయచేసి నన్ను అందులోంచి తీసేయండి.

ఇట్లు,
తిరుమలమ్మ

తా.క. నా పక్కనాయన పదిహేనేళ్లుగా ఆవలిస్తూనే ఉన్నాడు. ఆయన సంగతీ చూడండి.

*

తిరుపతి

గౌరవనీయులైన తిరుమలమ్మ గారికి నియాజ్ నమస్కరించి రాయునది.

ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ కార్యక్రమానికి యాంకరు, ప్రొడ్యూసరు, కెమెరా, ఎడిటింగు అన్నీ నేనే. కుర్చీ తుడిచేదీ నేనే. స్టూడియో అంటే మా మిద్దె మీది గది, అందులో ప్రేక్షకులు పట్టరు. ఆ రోజు నా ఉపన్యాసానికి మీరంతా కొట్టినంత మనస్ఫూర్తి చప్పట్లు నాకు మళ్లీ దొరకలేదు. అవి తీసేస్తే మిగిలేది ఫ్యాను శబ్దమే. మీ ముఖం మాత్రం మసక చేస్తాను.

భవదీయుడు,
నియాజ్

తా.క. ఆవలించేది మా మామగారు. ఆయన్ను తీసేస్తే నాకు ఇంట్లో అన్నం పుట్టదు.

*

వడమాలపేట

నియాజ్ గారికి,

ముఖం మసకేశారు, చీర వదిలేశారు. ముఖం కనబడట్లేదని చెల్లెలి పక్కింటి పల్లవి చూసి చెప్పిందట. ‘నన్ను సూసి మొగం కూడా దాసుకుంటాండాది’ అని చెల్లెలు ఏడ్చింది. ఇదివరకు కోపమొక్కటే ఉండేది.

తిరుమలమ్మ

తా.క. మీ మామగారి నోరు ఇప్పుడు ఇంకా స్పష్టంగా ఉంది.

*

తిరుపతి

అమ్మా,

పొరపాటైంది. రాత్రంతా కూర్చుని మీ చీరను ఎర్రగా మార్చాను. ఇక మిమ్మల్ని ఎవరూ పోల్చలేరు.

నియాజ్

తా.క. ఎరుపు మీకు బాగుంది.

*

వడమాలపేట

నియాజ్‌కు,

పోల్చింది. మీ మామ నోరు దానికి ఆనుతుందట, ఆయన పక్కనుండేది నేనేనని లెక్క. ‘నేను పెట్టిన చీర యాడ పారేసింది?’ అని అడుగుతోంది.

ఇక నీతో లాభం లేదు. వచ్చిన ఉత్తరాన్ని ఆఖరి అక్షరం దాకా చదువుతానని ఇరవై ఎనిమిదేళ్లుగా చెబుతున్నావు. కింద ఉన్నది నీకు కాదు, నీ కార్యక్రమానికి.

‘సుబ్బులూ, ఆ చప్పట్లు పదిహేనేళ్ల నాటివి. మూడేళ్లుగా నేను బస్సే ఎక్కలేదు. నువ్వు పెట్టిన చీర బీరువాలోనే ఉంది. నీ కంట్లో మందు వేయడానికి నన్ను రానివ్వు. నీ అక్క.

తా.క. ఆవలించేది నియాజ్ మామగారు.’

*

తిరుపతి

అమ్మా,

నిన్న చదివాను. తాజా కలంతో సహా.

కేబుల్ ఓనరు రాజారత్నం ముందే హెచ్చరించాడు. ‘సప్పట్లు పాతవని తెలిస్తే ఇంకెవురు సూస్తారప్పా? వంటల ప్రోగ్రాం పెట్టేస్తా’ అన్నాడు. అన్నట్టే వచ్చే నెల నుంచి వంటలు. మనసుకు కష్టంగానే ఉంది.

చదవడం అయ్యాక, అలవాటు కొద్దీ చప్పట్ల కోసం ఆగాను. ఈసారి వేయలేదని తర్వాత గుర్తొచ్చింది. అంతసేపు కెమెరా ముందు ఊరికే కూర్చోవడం నాకు అదే మొదటిసారి.

మీ
నియాజ్

తా.క. మామగారు చూశారు. హోటల్లో తింటున్నాను.

*

కొర్లగుంట

చిరంజీవి నియాజ్‌ను ఆశీర్వదించి తిరుమలమ్మ రాయునది.

పైన ఊరి పేరు చూశావు కదా. కార్యక్రమం అయిన వెంటనే చెల్లెలు ఫోను చేసింది. కోపం తగ్గిందనుకున్నావా? ‘టీవీకొచ్చి మా ఇంటికి రాలేదంటే పొగరనుకొన్నా. మూడేండ్లుగా బస్సే ఎక్కలేదంటే ఏమనుకోవాల? ఆటో పంపిస్తా, వచ్చి తిట్లు తిను’ అంది. వచ్చాను. ఆపరేషను బాగా జరిగింది. కంట్లో చుక్క వేసినప్పుడల్లా ఒక తిట్టు తింటున్నాను. ఇంత సుఖంగా ఉండి చాలా కాలమైంది.

వంటల కార్యక్రమం వస్తే రాజారత్నం ఇంటి ముందు కూర్చుంటానని చెల్లెలు అంటోంది. నల్ల కళ్లద్దాలు తీశాక కూర్చోమన్నాను.

ఇట్లు ఆశీస్సులతో,
తిరుమలమ్మ

తా.క. నీకు చెప్పకూడదనుకున్నాను. ఆ రోజు కల్యాణమండపంలో కరెంటు పోయింది, నువ్వు చీకట్లోనే మాట్లాడుతున్నావు. కరెంటొచ్చి ఫ్యాన్లు తిరిగాయని మేమంతా చప్పట్లు కొట్టాం నాయనా. మొన్న ఉత్తరం చదివి ఊరికే కూర్చున్నావు చూడు, అప్పుడు మా ఇంట్లో టీవీ ముందు నేనొక్కదాన్నే కొట్టాను. అవి మాత్రం నీకే.