దీవెనమ్మ కడిగిన చెక్క

దువ్వాడ,
11 జూలై 1982

ప్రియమైన మీకు,

ఈ ఉత్తరం మొదలుపెట్టడం ఇది మూడోసారి. మొదటిది మన సుగుణ పడవ చేసింది. రెండోదాంట్లో అత్తమ్మ ఉప్పు పొట్లం కట్టింది. ఇదైనా మీ కిరండూల్ దాకా చేరుతుందని ఆశ.

స్టీలు ప్లాంటు వాళ్ల క్వార్టర్లు లేస్తున్నాయి కదా, మద్దిలపాలెంలో మా ల్యాబుకి చేతినిండా పనే. ఊళ్లో ఆడవాళ్లందరూ కొంప అంటుకోకుండా చూసుకుంటారు, నాకేమో అంటించడానికి జీతమిస్తున్నారు. చెక్కని నిలబెట్టి కింది అంచుకి గ్యాసు మంట పెట్టి, అది పైకి ఎంత ఎగబాకుతుందో చూడాలి. మామూలు ప్లైవుడ్డు అయితే మంట కోతిలా ఎక్కేస్తుంది. మొన్న ఒక కొత్త పూత వచ్చింది. సెగ తగలగానే అప్పడంలా పొంగి నల్లటి బుడగల కింద చెక్కని దాచేసింది. మంట కాసేపు అక్కడక్కడే తచ్చాడి ఊరుకుంది. మా ఆఫీసరు గురునాథరావు గారు పాసని రాయించారు, కింద సంతకం నాది.

మిగిలిన ముక్కొకటి తెచ్చి వడ్రంగి సూరన్న చేత పంపు స్టవ్వు వెనక కొట్టించాను. ప్రార్థనకి వచ్చిన మన చర్చి సంఘ పెద్ద సుందర్ రాజ్ గారు దాన్ని చూశారు. మన సంఘం హాలుకి గోడలూ కప్పూ ప్లైవుడ్డుతో వేయిస్తున్నారట. "ఈ పూత నమ్మొచ్చా అమ్మా?" అని అడిగారు. నా చేత్తో కాల్చి చూశానండి అన్నాను. అదే పూత వేయిస్తున్నారు.

ఆ మాట అన్నప్పటి నుంచీ ఎందుకో మనసు కుదురుగా లేదు. కారణం అడగకండి, నాకే తెలియదు.

మీ ఉత్తరం కోసం గేటు వైపు చూసే,
పుష్పకుమారి

కిరండూల్,
2 ఆగస్టు 1982

ప్రియమైన పుష్పకు,

ఇక్కడ వాన తెరిపివ్వడం లేదు. కొండ మీంచి బండరాయి దొర్లి పట్టాల మీద కూర్చుంటే, ఇనుపరాయి గూడ్సు వెనక బ్రేకువ్యానులో రోజంతా నేనూ కూర్చున్నాను. గార్డు ఉద్యోగమంటే జెండాలు ఊపడమని మీ నాన్నగారు అనుకున్నారు, పాపం.

మంటని ఆపే పూత దొరికింది సరే, నీ మనసు కుదురుగా ఉండే పూత దొరికితే నాకో డబ్బా పంపు. పాసైన చెక్క గురించి బెంగపడే మనిషిని నిన్నే చూశాను.

హాలు కొత్తదయితే అమ్మకి పండగే. కడిగే ఆడవాళ్లకి ఆవిడే మేస్త్రి. ఆవిడ శుభ్రం సంగతి నీకు తెలియనిదేముంది. చిన్నప్పుడు మా పలకల మీద రాసుకున్న లెక్కలు కూడా మురికేననుకుని తుడిచేసేది. బడిలో దెబ్బలు మాత్రం మాకు.

క్రిస్మస్‌కి సెలవు అడిగాను. సుగుణకి ముద్దులు.

నీ
విజయరత్నం

దువ్వాడ,
15 నవంబరు 1982

ప్రియమైన మీకు,

ముందే చెప్తున్నాను, అందరం బాగున్నాం. కంగారు లేకుండా చదవండి.

మొన్న శనివారం పొద్దున స్టవ్వు వెలిగిస్తుంటే మంట ఎగజిమ్మింది. అది మామూలే. కానీ వెనకున్న చెక్క అంటుకుంది, నా కళ్లముందు పాసైన చెక్క. పొంగు లేదు, బుడగ లేదు, మంట కింద నుంచి పైకి ఒక్క పరుగున పోయింది. అత్తమ్మ తడి గోనెపట్టాతో కొట్టి ఆర్పింది. సుగుణ నిద్ర కూడా లేవలేదు.

అంతా ఆరిపోయాక అత్తమ్మ మసి తుడుస్తూ గొణుక్కుంటోంది. "వారం వారం సబ్బెట్టి తోమతన్నాను. ఆ తెల్ల బూజు తీసేకొద్దీ వత్తాది. ఇదేటి సెక్కే, పాడు సెక్క."

అప్పుడు తెలిసింది నాకు. అది బూజు కాదు. ఆ పూతలో మంటని ఆపే మందు ఉప్పులాంటిది. మన సముద్రపు గాలికీ వానాకాలం చెమ్మకీ చెమర్చి తెల్లగా పైకి పూస్తుంది. తోమితే నీళ్లతో పోతుంది. మళ్లీ పూస్తుంది, మళ్లీ తోముతారు. చివరికి చెక్క మీద మిగిలేది ఉత్త రంగే.

హాలు కూడా అత్తమ్మే కడుగుతోంది కదండీ. ఆగస్టు నుంచీ ప్రతి శనివారం, నిచ్చెన వేసుకుని కప్పు దాకా. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం పిల్లలు కొవ్వొత్తులు పట్టుకుని నాటకం వేసేది ఆ హాల్లోనే. సుగుణ దేవదూత. రెక్కలు దూదితో చేస్తున్నారు.

గురునాథరావు గారికి చెప్పాను. "పరీక్ష రాసినట్టే చేశాం. కడిగి కాల్చమని ఎక్కడుందమ్మా?" అన్నారు. ఏం చెయ్యమంటారో వెంటనే రాయండి. నాకు భయంగా ఉంది.

మీ
పుష్ప

కిరండూల్,
24 నవంబరు 1982

ప్రియమైన పుష్పకు,

నీ ఉత్తరం ఒకసారి చదివితే భయమేసింది. రెండోసారి చదివితే కోపం వచ్చింది.

వంటింట్లో ఒక ముక్క అంటుకుంటే హాలంతా అంటుకుంటుందని ఎలా చెప్తావు? నాన్న పోయాక మా అమ్మకి ఆ సంఘంలో ఉన్న గౌరవమల్లా ఆ చీపురూ బకెట్టూనే. కుర్చీ వేసి సలహా అడిగేవాళ్లు లేరు గానీ, దీవెనమ్మ కడిగితే గోడలో మొహం చూసుకోవచ్చని అందరూ అంటారు. నువ్వెళ్లి అందరి ముందూ ఆవిడే హాలు పాడుచేసిందని చెప్తావా? ఆ తర్వాత ఆవిడ ఆ గుమ్మం తొక్కుతుందా?

మీ ఆఫీసరే అక్కర్లేదన్నప్పుడు నీకెందుకు? ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు.

కోపంగా ఉన్నా నీవాడినే,
విజయరత్నం

దువ్వాడ,
5 డిసెంబరు 1982

ప్రియమైన మీకు,

బోడిగుండు సుఖం మీకే ఉంచుకోండి. నేను ఊరుకోలేకపోయాను.

ల్యాబులో మిగిలిన నమూనా చెక్కలు రెండు తీశాను. ఒకదాన్ని సబ్బుతో తోమి, ఆరబెట్టి, మళ్లీ తోమి, అలా వారం పాటు చేశాను. గురునాథరావు గారు టీకి వెళ్లినప్పుడు రెండింటినీ కాల్చాను. కడగనిది అప్పడంలా పొంగింది. కడిగింది మన వంటింటి చెక్కలాగే మండిపోయింది. మాడిన ముక్కలు రెండూ తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాను.

మీ మాట మీద గౌరవంతో బయటివాళ్లకంటే ముందు అత్తమ్మకే చెప్పాను. ఆవిడ బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టి, "అయితే నాను దేవుడిల్లు తగలెట్టేదాన్నన్నమాట," అంది. అంతే. అప్పట్నుంచీ కంచంలో అన్నం పెట్టి మొహం తిప్పుకుంటోంది. నిన్న శనివారం అందరికంటే ముందే బకెట్టు పట్టుకుని హాలుకి వెళ్లిపోయింది.

ఆ తర్వాత సుందర్ రాజ్ గారికి చెప్తే, వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దల ముందు చెప్పుకోమన్నారు. "పాసని సంతకం పెట్టింది నువ్వే, కాదనేదీ నువ్వేనా?" అని నవ్వారు కూడా. ఎక్కడా నిలవలేకపోతున్నాను. మొన్న మద్దిలపాలెం జంక్షన్లో దిగడం మరిచిపోయి బస్సుతో పాటు డిపో లోపలికి వెళ్లిపోయాను. కండక్టరు లేపాడు, నేను నిద్రపోనేలేదు.

మీరొక్క మాట అత్తమ్మకి రాయకూడదూ.

పుష్ప

కిరండూల్,
10 డిసెంబరు 1982

ప్రియమైన పుష్పకు,

పోస్టుకంటే మా తోటి గార్డు తవిటయ్య గూడ్సే నయమని ఇది అతని చేతికిస్తున్నాను. సెలవు ఇవ్వలేదు.

రెండు రోజులుగా సుగుణ దూది రెక్కలే కళ్లకి కడుతున్నాయి. నువ్వు నిప్పు విషయంలో అబద్ధమాడవు. నాకు తెలుసు, తెలిసే కోప్పడ్డాను. ఒక పని చెయ్యి. ఆ రోజు పిల్లకి జ్వరమని చెప్పి ఇంట్లో ఉంచెయ్. అమ్మని నొప్పించక్కర్లేదు, పెద్దలతో తగువు అక్కర్లేదు. తక్కిన సంగతి నేను వచ్చాక చూద్దాం.

పిల్ల జాగ్రత్త.

నీ
విజయరత్నం

దువ్వాడ,
27 డిసెంబరు 1982

ప్రియమైన మీకు,

తవిటయ్య అన్నయ్య మీ ఉత్తరం తెచ్చేసరికి ఆ ఆదివారం ఆరాధనకి బయల్దేరుతున్నాను. నిజం చెప్పొద్దూ, మీ మీద ఇంతకు ముందెప్పుడూ అంత కోపం రాలేదు. సుగుణకి జ్వరమని చెప్తాను సరే. తక్కిన దేవదూతల సంగతేమిటి? గొర్రెల కాపరుల సంగతేమిటి? అందరికీ జ్వరమని చెప్పనా? అందుకే జవాబు రాయలేదు. ఇప్పుడు కోపం పోయింది, రాస్తున్నాను.

ఆరాధన అయ్యాక హాలు బయట చెట్ల నీడన పెద్దలు కూర్చున్నారు. పక్కన రాళ్లపొయ్యి మీద వాళ్లకి టీ కాగుతోంది. నేను మాడిన ముక్కలు చూపించి చెప్పాను. వాటిని చేతులు మార్చి చూశారు. ఒకాయన, ల్యాబులో ఎన్నయినా మండుతాయి, మన హాలు మండాలని ఏముంది అన్నారు. కొవ్వొత్తులు లేకుండా క్రిస్మస్ ఏమిటమ్మా అని సుందర్ రాజ్ గారు.  హాలు ఎవరు కడిగారో, ఎలా కడిగారో ఒక్క మాట అంటే అయిపోయేది. మీరు రాసిన చీపురూ బకెట్టూ గుర్తొచ్చి అనలేకపోయాను.

ఆడవాళ్ల వరసలోంచి అత్తమ్మ లేచింది. నేరుగా హాల్లోకి వెళ్లింది. వెనకాలే సూరన్నని పిలిచింది. లోపల మేకులు పీకిన చప్పుడు. తిరిగి వచ్చేటప్పటికి చేతిలో చెక్క ఉంది, స్టేజీ పక్క గోడది. ఎవరినీ అడగలేదు. టీ గిన్నె పక్కకి దింపి చెక్క అంచు పొయ్యిలో పెట్టింది.

ఎంతోసేపు పట్టలేదండీ. మంట ఆవిడ చేతి దాకా పాకుతోంటే సూరన్న లాక్కోబోయాడు, వదల్లేదు. ఎత్తి పట్టుకుని అందరికీ చూపించింది.

"ఇది ఇంకోలు కడిగింది కాదు, నాను కడిగిన సెక్క. ఎంత సుబ్బరంగా కడిగేనో అంత సుబ్బరంగా మండతంది. సూడండి."

అప్పుడు ఇసకలో పడేసి, శనివారం కడగడానికి వాడే ఆ బకెట్టుతోనే నీళ్లు పోసింది.  సుందర్ రాజ్ గారు లేచి హాలు తలుపు తాళం వేసి, తాళంచెవి తెచ్చి అత్తమ్మ చేతిలో పెట్టారు.

ఇంటికి నడుస్తూ, ఎందుకలా చేశావత్తమ్మా, నీ పేరు రాకుండా చూద్దామనుకున్నాను కదా అన్నాను. చేతికంటిన మసి కొంగుతో తుడుచుకుంది. తర్వాత అంది, "మాడిన సెక్కలు గట్టు మీద ఎట్టేవు కదా. రోజూ సూత్తన్నాను. రెంటిలో నాది ఏదో నాకు తెల్దేటి? నువ్వు సెప్తే అది నా మీద నేరం. నాను సెప్తే అది నా మాట." ఇద్దరం దారిలోనే ఏడ్చాం. ఆవిడ ముందు తేరుకుని, కూర ఏటి వండుదాం అని అడిగింది.

నాటకం ఆరుబయట వేశారు. సముద్రం వైపు నుంచి వీచే గాలికి కొవ్వొత్తులు ఆరిపోతూనే ఉన్నాయి, తల్లులు వెలిగిస్తూనే ఉన్నారు. సుగుణ చెప్పాల్సిన మాట మరిచిపోయి, జనంలో నాయనమ్మని చూసి చెయ్యి ఊపింది. అయిదు నెలల తర్వాత ఆ రాత్రి కుదురుగా పడుకున్నాను.

జనవరిలో హాలుకి మళ్లీ పూత వేసి, పైన నీళ్లు దిగని వార్నీషు వేస్తారు. గోడకి వేసే పూత ఏదొచ్చినా ల్యాబులో ఇప్పుడు సగం ముక్కలు కడిగి కాలుస్తున్నాను. గురునాథరావు గారు చూసీ చూడనట్టు ఉన్నారు. మొన్నొక రోజు ఆయనే, "దీవెనమ్మ పరీక్ష అయిందా?" అని అడిగారు.

అత్తమ్మకి కొత్త అలవాటొకటి పట్టుకుంది. ఏది చూసినా, "పుష్పా, ఇది కడగొచ్చేటే?" అంటోంది. నిన్న మీ పాత పెట్టె గురించి అడిగింది, ఇవాళ కుంపటి గురించి. పొయ్యిలో పెట్టిన ఆ చెక్కలో మిగిలిన ముక్కని హాలు గుమ్మం పక్కన మేకుకి తగిలించింది. గుమ్మం కడుగుతుంది, మేకు కూడా తుడుస్తుంది. ఆ నల్ల చెక్క మీద మాత్రం చెయ్యి వెయ్యదు.

సెలవు దొరికిన రోజున రండి. మీ మీద కోపమేమీ లేదు.

మీ
పుష్పకుమారి