గుంజలకు చుట్టిన రేకులు

నందన్నా,

ఇది ఫోన్‌లో చెప్పే మాట కాదు. అందుకే నీతో పనిచేసే డానియేలు చేతికి ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను.

చెరువులో బాతులు గూడు పెట్టుకోవడానికి నువ్వు గుంజల మీద బిగించిన చెక్కపెట్టెలు అలాగే ఉన్నాయి. పాములు పైకి పాకకుండా గుంజలకు చుట్టిన రేకులు మాత్రం ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. పాత ఇనుము ఏరుకునేవాళ్లు తీసుకుపోయారనుకున్నాను. నిన్న చూస్తే ఏ పెట్టెలోనూ గుడ్లు లేవు, పాములు మింగేసినట్టున్నాయి, పెంకు ముక్క కూడా లేదు.

బాతులు గుడ్లు పెట్టే చెరువును పూడ్చొద్దని నువ్వు అర్జీ పెట్టావు కదా. ఒడ్డున మట్టి లారీలు వచ్చి ఆగాయి. లారీ దగ్గరున్న ఒకతను నన్ను చూసి నవ్వాడు. "గుడ్లే లేవు గద చెల్లే, ఇగ అర్జీ ఎందుకు? మీ అన్నకు జెర సమజ్ చెయ్యి" అన్నాడు.

ఈ పొద్దున తలుపు తీస్తే, మన గడప ముందు ఆ రేకులన్నీ నీటుగా పేర్చి ఉన్నాయి. మనం లాల్‌దర్వాజాలో ఉంటామని నేనెవరికీ చెప్పలేదన్నా.

అమ్మకు ఇవేవీ తెలియవు. "ఎవరో మంచోళ్లు తెచ్చిచ్చిండ్రు బిడ్డా, మళ్లొస్తే చాయ్ తాగిచ్చి పంపుదాం" అంటోంది.

చెరువు దగ్గరికి పోకుండా నేరుగా ఇంటికి రా. వాళ్లొస్తారని అమ్మ తలుపు వేయనివ్వడం లేదు.

నీ చెల్లెలు