బాపు కొట్టని దెబ్బ

19 జనవరి 2004, సోమవారం

ఎడమ కన్ను మూసుకుపోయింది. కుడి కంటితోనే రాస్తున్నాను. లైన్లు వంకర పోతే పోనీ.

పొద్దున బాక్సింగ్ క్లబ్బులో, స్పారింగ్ చేస్తుంటే మజహర్ లెఫ్ట్ పంచ్ తగిలింది. తప్పు వాడిది కాదు. క్లబ్బు హెడ్‌గార్డ్‌కి పట్టీ తెగితే మా బాపు ఎలాస్టిక్ వేసి కుట్టి ఇచ్చాడు. మూడో రౌండ్‌లో ఆ కుట్టు ఊడి, హెడ్‌గార్డ్ కళ్ళ మీదికి జారింది. వాడి చెయ్యి అప్పటికే బయల్దేరింది. తగిలాక నాకంటే వాడే ఎక్కువ భయపడ్డాడు. గ్లవ్స్‌తోనే తల పట్టుకుని కూర్చున్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వితే కన్ను ఇంకా మండింది.

మా కోచ్ అస్లం సార్ ఐస్ పెట్టి, కన్ను మానేదాకా గ్రౌండ్‌కి రావద్దన్నాడు. వచ్చే నెలలో హైదరాబాద్‌లో స్టేట్ సెలక్షన్స్. అప్పటిదాకా ఇంట్లో కూర్చుని ఏం చేయాలి? అమ్మతో పాటు బీడీలు చుట్టాలా?

బాపు నా ముఖం చూసి, హెడ్‌గార్డ్ అడిగి తీసుకున్నాడు. ఊడిన దారం పోగు వేలికి చుట్టుకుని చూశాడు. కంఠేశ్వర్‌లో సగం మంది ఆడవాళ్ళ జాకెట్లు కుట్టేది మా బాపే. లక్ష్మీరాజం కుడితే చంక దగ్గర ముడత పడదని పేరు. నా ప్రాక్టీస్ చొక్కాకి మాత్రం చంక కింద ఇంకో గుడ్డ ముక్క వేసి వదులుగా కుట్టాడు. చెయ్యి పైకి లేవాలె గద బిడ్డా అన్నాడు. అలాంటి మనిషి కుట్టు ఊడిపోయింది. అన్నం కూడా సరిగ్గా తినలేదు.

20 జనవరి, మంగళవారం

నేను బాక్సింగ్ ఆడతానని మా వాడలో ఎవరికీ తెలియదు. పొద్దున్నే కంప్యూటర్ క్లాస్‌కి పోతున్నానని అనుకుంటారు. మెడల్ వచ్చాక చెబుదామని బాపు ప్లాన్. మగపిల్లలతో ఆడుతున్నానని ఇప్పుడే తెలిస్తే అమ్మ చెవులు చిల్లులు పడేట్టు మాటలంటారు.

అస్లం సార్‌కి వేరే భయం. మన దగ్గర బాక్సర్ అంటే రౌడీ అనుకుంటారు అంటాడు. ఆయన కుర్రవాడిగా ఉన్నప్పుడు బోధన్‌లో ఒక క్లబ్బు ఉండేదట. చెరకు సీజన్లో పెద్ద రైతులు వచ్చి, బాక్సింగ్ పిల్లల్ని ట్రాక్టర్ల మీద కూర్చోబెట్టుకుని పోయేవారట. కొట్టే పని లేదు, ఊకె కూసో అనేవారట. షుగర్ ఫ్యాక్టరీ గేటు దగ్గర వాళ్ళని చూసి ముందున్న ఎడ్లబండ్ల వాళ్ళు లైన్ వదిలేసేవారట. ఒకరోజు ఒక బండి ముసలాయన వదల్లేదు. ఆయన పళ్ళు రాలాయి, క్లబ్బు మూతపడింది. అందుకే సార్ రూల్ ఒకటే. రింగ్ బయట చెయ్యి లేస్తే గ్లవ్స్ ఇచ్చేసి పో. మాకు నడక కూడా నేర్పాడు. భుజాలు ఊపకూడదు. బజార్లో ఎవరైనా డాష్ ఇస్తే మేమే సారీ చెప్పాలి.

ఇవాళ నల్లా దగ్గర దేవవ్వ నా కన్ను చూసింది. దేవవ్వ మా వాడ మహిళా సంఘానికి లీడర్. పెళ్ళాల్ని కొట్టే మొగుళ్ళని కల్లు కంపౌండ్‌లోంచి గల్లా పట్టి లాక్కొచ్చిన మనిషి. కన్నుకేమైందే స్వరూపా అని అడిగింది. గడప తట్టుకుని పడ్డానన్నాను.

చెప్పగానే అర్థమైంది, ఎంత బుద్ధి తక్కువ మాట చెప్పానో. మా వాడలో ఆడవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు గడప తట్టుకుని పడ్డవాళ్ళే. పక్కింటి లింగవ్వ అయితే నెలకోసారి పడుతుంది. దేవవ్వ బిందె నిండి పొర్లుతున్నా నల్లా కట్టేయలేదు. నన్నే చూస్తూ నిలబడింది.

21 జనవరి

మంచం మీద కూర్చుంటే కాళ్ళు వాటంతట అవే ఆడుతున్నాయి. అమ్మ రెండుసార్లు కసిరింది.

22 జనవరి, గురువారం

సంఘం ఆడవాళ్ళు బాపు టైలరింగ్ షాపుకే వచ్చారు. నేను కాజాలు కుడుతూ అక్కడే ఉన్నాను. బాపు కూర్చోమన్నా దేవవ్వ కూర్చోలేదు. పిల్లను ఎవరు కొట్టిండ్రు అని బాపుని నిలదీసింది. నేను నోరు తెరిచేలోపల బాపు మెషిన్ ఆపి, తప్పు నాదే అక్కా అన్నాడు.

నాదే అన్నాడు! ఆయన!

చీమ కనపడినా దారి ఇచ్చి పక్కకి జరిగి పోయే మనిషి. కల్లు వాసన పడదు. నన్ను చిన్నప్పుడు కూడా ఒక్క దెబ్బ వేయలేదు, ఆ పని అమ్మ చేసేది. కాదు కాదు, బాపు కొట్టలేదని నేను అరిచాను. ఒకావిడ నా వీపు నిమిరి, నాయిన మీద గంత ప్రేమ, పాయిరం ఉండాలె గని గిట్ల దాసుకోవద్దు బిడ్డా అంది. ఎంత అరిస్తే అంత నమ్మలేదు. నా ఏడుపు కూడా బాపు మీద సాక్ష్యంలాగే చూశారు.

వాళ్ళు పోయాక బాపు మీద ఇంతెత్తున లేచాను. ఎలాస్టిక్ ఊడిన పాపానికి ఇంత శిక్ష వేసుకుంటావా అన్నాను. కత్తెర పక్కన పెట్టి మెల్లగా చెప్పాడు. నువ్వు మజహర్ పేరు తీస్తవ్. ఆడపిల్లను మొగపిల్లగాడు కొట్టిండనేది పొద్దుగాలటి మాట. పొద్దుగూకే వరకు ఎవరి పిల్లను ఎవరి పిల్లగాడు కొట్టిండనేది అయితది. గా మాట కోసమే కాసుకోని కూసున్నోళ్ళు ఉన్నరు ఈ ఊర్లె. గా పిల్లగాని బతుకు పోతది, మీ సార్ గ్రౌండ్ పోతది. నాదేముంది, ఒక మాట పడుడే గద.

కుడుతున్న కాజా దారం తెంపేశాను. ఆయన చెప్పింది నిజమైనందుకు ఇంకా కోపం వచ్చింది.

24 జనవరి, శనివారం

దేవవ్వ ఇంటి ముందు మీటింగ్. కొట్టినవాళ్ళు అందరి ముందు, దెబ్బలు తిన్న మనిషి నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేయాలి. మా సంఘం పద్ధతి అది. బాపు నా నెత్తి మీద చెయ్యి పెట్టి, నా బిడ్డ మీద ఎన్నడు చెయ్యి ఎత్త అన్నాడు.  ఆ చెయ్యి మెషిన్ ఆయిల్ వాసన వస్తోంది.

ఇంటికొస్తూ నాతో అన్నాడు, అబద్ధపు ఒట్టు కాదు లే బిడ్డా, ఎప్పటికీ ఎత్త గద. నవ్వించాలని అన్నాడు. నేను నవ్వలేదు. నాకు బాపు మీద ప్రేమ ఎక్కువైనప్పుడు తిట్టాలనిపిస్తుంది. తిట్టాను.

27 జనవరి

ఒట్టు వేశాక కూడా ఆడవాళ్ళు రావడం లేదు. కొలతలు ఇవ్వాలంటే దగ్గర నిలబడాలి కదా, అలాంటి వాడి దగ్గర ఏం నిలబడతాం అంటున్నారట. కత్తిరించని గుడ్డలు ఒక్కొక్కరే వచ్చి తీసుకుపోతున్నారు. బాపు మడత పెట్టి, రెండు చేతులతో అందిస్తున్నాడు. అమ్మ రేణుకమ్మ బీడీల చాట ముందర వేసుకుని, బాక్సింగును, సార్‌ని, నన్ను, మా బాపు మంచితనాన్ని వరసగా తిడుతోంది. చేతులు మాత్రం ఆగవు.

మజహర్ వచ్చాడు. ప్యాంటు పొట్టి చేయించుకునే వంకతో. దేవవ్వ దగ్గరికి పోయి నేనే కొట్టిన అని చెప్తా అన్నాడట. బాపు చాయ్ తాగించి, ప్యాంటు పొట్టి చేసి పంపించాడు. ప్యాంటు ముందే సరిపోయేదే. ఇప్పుడు చీలమండల మీదికి వచ్చి ఉంటుంది.

29 జనవరి, గురువారం

ఇవాళ జరిగింది మరీ దారుణం. పక్కింటి భోజన్న షాపుకి వచ్చాడు. లింగవ్వ మొగుడు. గంజ్‌లో బస్తాలు మోసే హమాలీ, పొద్దు వాలితే కల్లు. ఇన్నేళ్ళలో బాపుతో సరిగ్గా మాట్లాడిన మనిషి కాదు. ఇవాళ స్టూల్ లాక్కుని కూర్చుని, బాపు భుజం మీద చరిచాడు. గిన్ని రోజులు లక్ష్మీరాజాన్ని సూసి నేర్సుకో అని నన్ను తిట్టేటోళ్ళు, ఇగ నువ్వు గూడ మాతోని కలిసినవ్ అన్నాడు. ఆడోళ్ళకు అప్పుడప్పుడు పడాలె అని కూడా అన్నాడు. బీడీ ఇచ్చాడు. అన్ని మాటలు పడ్డ బాపు ముఖం మొదటిసారి నల్లబడింది. ఆ బీడీ తీసుకోలేదు.

నా పిడికిలి బిగుసుకుంది. దాచడం ఎందుకు, కొట్టాలనిపించింది. గడ్డం తెరిచి పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్క రైట్ చాలు. బోధన్ ముసలాయన పళ్ళు గుర్తు చేసుకుని బయటికి వచ్చేశాను. కంఠేశ్వర్ గుడి చుట్టూ తిరిగాను. జనం భక్తి అనుకున్నారు.

30 జనవరి

పక్కింట్లో మళ్ళీ గడప తట్టుకుని పడ్డ చప్పుడు.

ఇంతకుముందు భోజన్న కొట్టి, తలుపు వేసుకునేవాడు. ఇప్పుడు తలుపు తీసే కొడుతున్నాడు. లక్ష్మీరాజమే కొడితే లేని తప్పు నేను కొడితే వచ్చిందా అంటున్నాడు. బాపుకి అన్నీ వినపడుతున్నాయి. మెషిన్ ఆపేసి కూర్చున్నాడు. నేను పడ్డ మాట లింగవ్వకు తగులుతుందనుకోలే అన్నాడు.

1 ఫిబ్రవరి, ఆదివారం

మరిచిపోకముందే, ఇప్పుడే రాయాలి.

సాయంత్రం ఆడవాళ్ళంతా బయట చాటలు వేసుకుని బీడీలు చుడుతున్నారు. భోజన్న లింగవ్వని జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చుకొచ్చాడు. కూర సల్లగున్నదట. దేవవ్వ వీధి చివర్నుంచి అరుస్తూ వస్తోంది కానీ ఆమె కాళ్ళ నొప్పులతో వచ్చి చేరేసరికి ఎంతసేపవుతుందో. బాపు మెడలో టేపుతోనే ఉరికాడు. భోజన్న ఒక్క తోపుతో బాపుని గోడకి వేశాడు.

నేను మధ్యలోకి వెళ్ళాను. ఏం చేయాలో తెలియదు. చెయ్యి లేస్తే గ్లవ్స్ పోతాయి. నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదు. అందుకని చున్నీ నడుముకి వెనక ముడి వేసి, రెండు చేతులూ ఆ ముడిలో దూర్చి గట్టిగా పట్టుకున్నాను.

భోజన్న నవ్వి, నా చెంప మీద కొట్టబోయాడు. చెంప అక్కడ లేదు. ఇంకోటి విసిరాడు. వంగాను. బస్తాలు మోసే చెయ్యి, తగిలితే ఈసారి రెండో కన్ను కూడా పోయేది. కానీ ఆయన కొట్టేముందు భుజం కదిలి చెప్పేస్తుంది. మజహర్ భుజం ఎప్పుడూ చెప్పదు. పది రోజులుగా మంచం కింద ఆడుతున్న కాళ్ళు దారి దొరికినట్టు కదిలాయి. లింగవ్వ దేవవ్వ వెనక్కి పోయేదాకా ఆయన్ని తిప్పుతూనే ఉన్నాను. ఆయన బూతులు తిడుతూ, గాలిని కొడుతూ, చివరికి ఊపు ఆపుకోలేక వెళ్ళి తునికాకు నానబెట్టిన గంగాళంలో పడ్డాడు. గంగాళం మా అమ్మది. అమ్మ ముందు ఆకు చూసుకుంది, తరవాత నన్ను.

ఎవరో ముసిముసిగా మొదలుపెట్టారు. తరవాత వాడంతా నవ్వింది. లింగవ్వ నవ్వలేదు. నా చేతుల్నే చూస్తోంది.

దేవవ్వ నా గడ్డం పట్టుకుని పైకెత్తి, పచ్చబడ్డ కన్ను వెలుతురుకి తిప్పి చూసింది. తరవాత గోడ పక్కన దుమ్ము దులుపుకుంటున్న బాపుని కింది నుంచి పైదాకా చూసింది. ఓ లక్ష్మీరాజం, గంత హమాలీతోనే కాలేదు, నీతోనైతదా ఈ పిల్లను కొట్టుడు అంది. బాపు తల గీక్కున్నాడు. ఎందుకు ఒప్పుకున్నవ్ అని ఉరిమింది. హెడ్‌గార్డ్ కుట్టు ఊడిన సంగతి బాపు చెప్పబోయి తడబడితే నేనే చెప్పాను. బాక్సింగ్, పొద్దుటి గ్రౌండ్, అన్నీ. మరి కొట్టిందెవరు అంది. నాకంటే బాగా ఆడే ఒక పిల్లగాడు, ఆట అది, పగ కాదు అన్నాను. దేవవ్వ బాపుని చూసింది. పేరు అడగలేదు. ఆమెకి అర్థమైందనే అనుకుంటున్నాను.

అప్పుడు బాపు దగ్గరికి పోయి, అందరి ముందూ, నిన్ను తప్పుగ అనుకున్న తమ్మీ అంది. బాపు ఏడ్చాడు. ఇన్ని రోజులూ ఏడవని మనిషి, ఇప్పుడు ఏడ్చాడు. టేపు చివరతో కళ్ళు తుడుచుకున్నాడు.

4 ఫిబ్రవరి, బుధవారం

బక్రీద్ అయ్యాక మొదటి ప్రాక్టీస్. నా సంగతి గ్రౌండ్‌కి ముందే చేరింది. సార్ నన్ను పక్కకి పిలిచి, చెయ్యి లేసిందా అని ఒకటే అడిగాడు. లేవలేదన్నాను. ఎట్ల తప్పుకున్నవో చేసి చూపమన్నాడు. చూపించాను. చూసి, గడ్డం పైకి లేస్తున్నది అన్నాడు. అంతే. గ్లవ్స్ ఇచ్చాడు.

బాపు హెడ్‌గార్డ్‌కి రెండు వరసల కుట్టు వేసి పంపాడు. మజహర్ పొట్టి ప్యాంటులో వచ్చాడు.

అందరూ మారిపోయారని కాదు. బీడీ కంపెనీ దగ్గర గంగుబాయి అమ్మని అడిగిందట, మీ పిల్లను ఇగ ఎవడు చేసుకుంటడు అని. అమ్మ ఏం చెప్పిందో నాకు చెప్పడం లేదు. కానీ ఇవాళ నాకు ఒక గుడ్డు ఎక్కువ పెట్టింది.

7 ఫిబ్రవరి, శనివారం

లింగవ్వ జాకెట్ గుడ్డ తెచ్చింది. చంక కింద వదులుగా కుట్టమంది. చెయ్యి పైకి లేవాలట.