మీ అక్క పేరు రాసిన సీసా

శ్రీవారికి నమస్కారాలు. నేనూ, అమ్మాయి కన్నికా, అత్తయ్యా కులాసా. కొరియాలో కూరగాయలు పండించే ఆ ప్లాస్టిక్ గుడారాల వేడికి మీ ఆరోగ్యం జాగ్రత్త. ఇక్కడ నాట్లు అయిపోయాయి.

పదకొండేళ్ళ పిల్లకు గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ టీకా ఏమిటని, బడి కాగితం మీద సంతకం పెట్టవద్దని రాశారు. పెట్టేశానండీ. కాపురం వయసు రాకముందు వేస్తేనే బాగా పనిచేస్తుందట. సూదికి కాస్త ఏడ్చి, ఐస్‌క్రీం తిని ఊరుకుంది. పెద్దయ్యాక పరీక్షలు మాత్రం మానకూడదట.

ఇక మీ అక్క బువాఫన్ సంగతి. ఊరి ఆరోగ్య కార్యకర్తగా నా వంతు పన్నెండిళ్ళలో ముప్పై దాటిన ఆడవాళ్ళకు ఆ క్యాన్సర్ పరీక్ష కోసం పుల్ల, సీసా ఇచ్చాను. ఎవరికి వారే గదిలో నమూనా తీసుకుని ఇవ్వాలి. అందరూ ఇచ్చారు, వదిన ససేమిరా అంది. నా పట్టీలో ఒక్క గడి ఖాళీగా ఉన్నా నెల సమావేశంలో అందరి ముందూ నా పేరు చదువుతారు. ఆ సిగ్గుకు జడిసి, ఆమె పేరున్న సీసాలో నా నమూనా పెట్టి పంపాను. నా గడిలో నిరుడే అయిందని రాసుకున్నాను. అబద్ధం. ఊరందరికీ చెప్పే నేను ఎన్నడూ చేయించుకోలేదు.

మూడు వారాలకు బువాఫన్‌కు ఆ క్యాన్సర్ తెచ్చే వైరస్ ఉందని కబురొచ్చింది. వదిన కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఏమే సుపత్రా, నేనివ్వని సీసాలో నా రోగం ఎలా దొరికిందే?"

"అది నాది వదినా" అన్నాను.

ఆమె మరి తిట్టలేదు. మోటారుసైకిలు తీసి, నన్ను వెనక కూర్చోబెట్టుకుని ఆరోగ్య కేంద్రంలో నర్సు వారుణీ దగ్గరికి తీసుకెళ్ళింది. నర్సు మాత్రం కడిగిపారేసింది. పరీక్షలన్నీ చేశారు. క్యాన్సర్ కాదు, దానికి ముందు మార్పు. వచ్చే నెల ఆరున ఆ కాస్త ముక్కా తీసేస్తారు. ఆ తర్వాత కూడా పరీక్షలకు వెళ్తూ ఉండాలి. వదిన కూడా నన్ను తీసుకెళ్ళిన రోజే అక్కడే నమూనా ఇచ్చింది. ఆమెకేమీ లేదు.

ఫోనులోనైతే అమ్మాయి పక్కనే ఉంటుంది, అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఈ వైరస్ ఆలుమగల కలయిక వల్ల వచ్చేదే. ఏళ్ళ తరబడి ఒంట్లో దాగి ఉంటుందట, ఎప్పుడు ఎవరి నుంచి వచ్చిందో డాక్టర్లే చెప్పలేరట. మిమ్మల్ని నేనేమీ అడగను. మీరూ నన్ను అనుమానించకండి. ఈ నాలుగు ముక్కలు రాయడానికి పది రోజులు పట్టింది. ముక్క తీస్తారన్న భయం కన్నా, మీరేమనుకుంటారోనన్న భయమే ఎక్కువగా ఉంది.

కోపమొస్తే తిట్టండి, పడతాను. ఆరో తారీకున మాత్రం ఫోను చేయండి. తిట్టడానికైనా సరే.

ఇట్లు,
మీ ఇంటిది
సుపత్రా