నా శనిగ్రహం, మా తోడల్లుడి డబ్బా

అప్పకి,

నీ తమ్ముడు నూకరాజు బెంగుళూరు నుంచి పెట్టే దండాలు. నీ మోకాలు నొప్పి ఎలా ఉంది? బావకి ఆయాసం తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకు. ఇక్కడ ఒకటే చలి. సాంబార్లో బెల్లం వేత్తారు. అదీ మన అనకాపల్లి బెల్లమైతే సర్దుకుందును. తింటన్నాన్లే, బెంగ పెట్టుకోకు.

ఏటికొప్పాకలో బొమ్మలు చేసిన చేతులని నన్నూ మా తోడల్లుణ్ణీ ఈ సైన్సు ఎగ్జిబిషన్ వాళ్లు తెచ్చేరు కదా. నాకు శనిగ్రహం ఇచ్చేరు. అంకుడు కర్రని గుమ్మడికాయంత గుండుగా చెక్కి, చుట్టూ వలయం బిగించి, పసుపు లక్క అద్దంలాగ పట్టించేను. మా తోడల్లుడు సన్నిబాబుకి మాత్రం ఒక నల్ల డబ్బా, చుట్టూ రెక్కలు. న్యూక్లియర్ బ్యాటరీకి కర్ర నమూనా అట. శని దాకా వెళ్లే నౌకకి అంత దూరంలో ఎండ చాలదట. నిజం డబ్బాలో అణు ఇంధనం ఏళ్ల తరబడి తనంతట తనే వేడెక్కుతుంటే, ఆ వేడి నుంచి కరెంటు తీత్తారట.

జనమంతా ఆ డబ్బా దగ్గరే! మా అత్త కూడా అంతే, చేపల పులుసులో తల ముక్క ఎప్పుడూ వాడికే వేత్తాది. పైగా మేనేజరు, "జనం మెచ్చిన బొమ్మ చేసినోణ్ణే ఉంచుకుంటాం, రెండోవాడు ఊరెళ్లిపోవాలి" అన్నాడు.

నేనూరుకుంటానా? వాచ్‌మేన్ మన సిక్కోలోడే. వాడి చెవిలో ఊదేను: "ఒరే, అందులో ఉన్నది నిజం న్యూక్లియరే. ముట్టుకుంటే జుత్తు రాలిపోద్ది. మా సన్నిబాబు బట్టతల సూడు!"

వాడు అందరికీ ఊదితే హాలు ఖాళీ అయిపోద్దనుకున్నాను. మర్నాడు రెండింతలు జనం! డబ్బానీ వాడి గుండునీ మార్చి మార్చి చూడ్డమే. "ఇది ఉత్త కర్ర డబ్బా బాబూ, బట్టతల మా నాన్నిచ్చిన ఆస్తి" అని వాడంటే అందరూ ఒకటే నవ్వు. నేనొక్కణ్ణే నా శనిని తుడుచుకుంటా కూచున్నాను అప్పా.

అంతలో ఒక ముసలమ్మ అడిగింది, "ఇంతకీ ఈ డబ్బా ఎక్కడికెళ్తాది నాయనా?"

వాడు చెయ్యెత్తి నా శనిని చూపించేడు. "అదుగో, అక్కడికే. మా అన్నయ్య సేసేడు. అది లేపోతే నా డబ్బా ఎల్డానికి సోటేదమ్మా?"

హాలంతా నా వైపు తిరిగింది, మేనేజరుతో సహా. "ఈ జోడీని విడదియ్యం, ఇద్దరూ ఉండండి" అన్నాడు.

పని నిలబడింది. కానీ వాడు వేలు చూపిత్తే నిలబడింది! అదే మింగుడు పడట్లేదు.

పసుపు లక్క కడ్డీలు రెండు పంపు, వలయం ఇంకా మెరిపించాలి. నల్లది కూడా ఒకటి పంపు. జనం తాకీ తాకీ వాడి డబ్బా రెక్కకి పెచ్చు లేచింది. నేనడిగినట్టు వాడి పెళ్లానికి చెప్పకు.

బావకీ, పెద్దలందరికీ నా దండాలు. దీవించు అప్పా. ముందు నన్ను, మిగిలితే వాణ్ణి.

నీ తమ్ముడు
నూకరాజు