ఆరని గోడ

ప్రియమైన టైలరమ్మకు,

క్షేమంగా చేరాను. గేటు దగ్గరే ఫోను తీసేసుకుని కాగితాలూ పెన్నూ చేతిలో పెట్టారు. ఉన్నన్నాళ్లూ ఇక్కడెవరూ ఫోను ముట్టరాదట. మోకాళ్లకు విశ్రాంతి అంటూ అమ్మాయి నన్ను పది రోజులు ఈ తోటకు పంపింది గానీ, ఇక్కడి గదులన్నీ మట్టివే! ముప్పై ఏళ్లు సిమెంటుతో ఇళ్లు కట్టిన వాణ్ని తెచ్చి మట్టి గదిలో పడుకోబెట్టారు. చల్లగా ఉందిలే, అబద్ధమెందుకు.

కానీ నా మంచం పక్క గోడకు జానెడు బీట ఉంది. ఈ తోట నడిపే ఆవిణ్ని అందరూ మట్టి టీచరమ్మ అంటారు. చూపిస్తే "మట్టితోనే పూడుద్దాం లెండి, తొందరేముంది" అంది. నా చేతులు ఊరుకుంటాయా? నిన్న అందరూ పొలం చూడ్డానికి వెళ్లగానే, నీళ్ల ట్యాంకు కట్టగా మిగిలిన సిమెంటు కలిపి, గోడకు బయటివైపంతా ప్లాస్టింగు చేసేశాను. అద్దంలా వచ్చింది. పెళ్లైన కొత్తలో నీ కుట్టుగదికి చేశానే, అచ్చం అలాగే.

వరండాలో మిషను మీద ఎండ పడుతుందేమో, పరదా కట్టించుకో.

నీ మేస్త్రీ

*

ప్రియమైన మేస్త్రీగారికి,

విశ్రాంతి తీసుకోమంటే తాపీ పట్టుకున్నారా! అడక్కుండా వాళ్ల గోడ మీద చెయ్యి వెయ్యడం ఏమిటండీ? ఆవిడకు చెప్పారా, లేదా? మీ ఉత్తరంలో ఆ ముక్క ఎంత వెతికినా కనబడలేదు.

ఇక్కడ స్కూలు యూనిఫారాలు నలభై జతలు కుట్టాలి. మిషను వరండాలోనే బాగుంది, వెలుతురు కోసం. దగ్గు కూడా తగ్గింది. కుట్టుగదిలో బీరువా జరపాలని ఉంది, మీరొచ్చాక చూద్దాం.

మీవైపు వానలని పేపర్లో చదివాను. ఆ గోడ ఎలా ఉందో రాయండి. నిజం రాయండి.

మీ టైలరమ్మ

*

ప్రియమైన నీకు,

నీ ఉత్తరం వచ్చేసరికి గోడ పడిపోయింది.

మూడు రోజులు వదలని ముసురు. నాలుగో రోజు పొద్దున టిఫిను చేస్తుంటే దబ్బుమని చప్పుడు. నా ప్లాస్టింగు పెద్ద పలకగా ఊడి పడింది. దాని వెనక మట్టి టీలో ముంచిన బిస్కెట్టులా మెత్తబడి కూలిపోయింది. అదృష్టం, గదిలో ఎవరూ లేరు. టీచరమ్మ సిమెంటు పెళ్ల చేతిలోకి తీసుకుని "ఎవరు చేశారిది?" అంది. పదిమంది ముందు చెయ్యెత్తి "నేనేనమ్మా" అన్నాను.

తిడుతుందనుకున్నాను. "మట్టి గోడ తడిస్తే తప్పు లేదు మేస్త్రీగారూ. మీరు దాన్ని ఆరనివ్వలేదు" అంది. పైన ఎక్కడో సన్నని సందులోంచి లోపలికి దిగిన నీరు సిమెంటు అడ్డుపడి బయటికి రాలేకపోయిందట. ముప్పై ఏళ్ల మేస్త్రీకి ఈ ముక్క ఒకరు చెప్పాల్సి వచ్చింది. సిగ్గుతో చచ్చాను.

ఆ గోడ నేనే కడతాను. పూర్తయ్యేదాకా ఇక్కణ్నుంచి కదలను, అమ్మాయికి కూడా చెప్పు. మట్టీ ఇసుకా గడ్డీ వేసి రోజంతా తొక్కుతున్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నవ్వుతావేమో, నవ్వుకో. మోకాళ్లు మాత్రం పెళ్లినాటి కంటే బాగున్నాయి.

ఒక మాట అడుగుతాను. నీ కుట్టుగది గోడ కూడా పాత మట్టిదే. దానికి బీరువా ఎందుకు ఆనించావు? నన్ను నిజం రాయమన్నావు కదా, ఇప్పుడు నువ్వు రాయి.

నీ మేస్త్రీ

*

ప్రియమైన మేస్త్రీగారికి,

నిజమే రాస్తున్నాను. బీరువా వెనక నెమ్ము నడుం ఎత్తు దాకా ఎక్కింది. ఏడేళ్లుగా. అక్కడ పెట్టిన బట్టలకు బూజు పడుతోంది, మిషను తుప్పు పడుతోంది, నాకు దగ్గు. వెలుతురు కోసం కాదు నేను వరండాలోకి వచ్చింది.

ఎందుకు చెప్పలేదంటారా? ఆ గోడ మీరు నాకోసం చేసింది. పచ్చి సిమెంటు మీద పుల్లతో మన పెళ్లి తేదీ రాసి, మర్నాడు నన్ను కళ్లు మూయించి తీసుకెళ్లి చూపించారు. దాన్ని బాగాలేదనడానికి నాకు నోరు రాలేదు. నా తప్పూ ఉంది. మీరు పదిమందిలో "నేనే" అన్నారని చదివాక, ఇంట్లో ఒక్క మనిషితో చెప్పలేకపోయానే అని ఏడుపొచ్చింది.

ఏడ్చాక లేచి మీ ఉలీ సుత్తీ తీశాను. యూనిఫారాలు పొద్దున, గోడ మధ్యాహ్నం. నాలుగు రోజుల్లో సగం పైగా సిమెంటు ఊడగొట్టాను. నన్నాపడానికి రాకండి, ఆగను. మీరు అక్కడి గోడ పూర్తి చేసి, మట్టి కలపడం సరిగ్గా నేర్చుకుని మరీ రండి. తొక్కడానికి నాకూ రెండు కాళ్లున్నాయి.

తేదీ రాసిన పలకను మాత్రం విరక్కుండా తీశాను. మిషను ఒక కాలు పొట్టి కదా, దాని కింద పెట్టాను. ఇప్పుడు అస్సలు ఊగడం లేదు.

మీ టైలరమ్మ