బియ్యం డబ్బాలో సైకిలు తాళం

ఏమండీ,

బియ్యం కడిగి కుక్కర్లో పెట్టాను. మీరు స్టవ్ వెలిగించి, మూడు విజిళ్లు రాగానే కట్టేయండి. అత్తయ్యకు మాత్ర తిన్నాకే ఇవ్వాలి. ముందే ఇమ్మని గొడవ చేస్తారు, లొంగకండి.

నేను ఆసుపత్రికి డ్యూటీకి సైకిలు మీదే వెళ్తున్నాను. మీరు దాచిన తాళంచెవి బియ్యం డబ్బాలో దొరికింది. పొద్దున లేచి నేను మొదట చెయ్యి పెట్టేది అందులోనే. మంచినీళ్లకు తప్ప వంటింట్లోకి రాని మనిషికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

మొన్న పడ్డాను, నిజమే. మోచెయ్యి ఇంకా పచ్చిగానే ఉంది. వెనక లారీ హారన్ కొడితే గుండె దడదడలాడుతోంది. "ఈ వయసులో నీకెందుకే ఈ సర్కస్, హాయిగా బస్సెక్కు" అన్నారు రాత్రి. ఇవాళ బస్సెక్కితే రేపూ బస్సే అంటాను. ఆ తర్వాత సైకిలు పెరట్లో తుప్పు పడుతుంది. ఇంట్లో మీరందరూ పిలుస్తారు, వార్డులో రోగులు పిలుస్తారు. నన్నెవరూ పిలవనిది సైకిలు తొక్కే ఆ కాసేపే. దాన్ని వదులుకోను. పడిన మలుపు మీదుగానే వెళ్తాను, మెల్లగా.

మరో మాట. సైకిలు బయటికి తీసి, మళ్లీ లోపలికొచ్చి ఇది రాస్తున్నాను. రెండు బ్రేకులకూ కొత్త రబ్బర్లు ఉన్నాయి. ఎప్పుడు వేయించారు? నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా. వార్డుకు చేరగానే ఫోన్ చేస్తాను. అలిగి కూర్చోకుండా ఎత్తండి.